పాటిగడ్డ కింది మనిషి

చాలాకాలం నాకు బుద్ధుడు సగమే తెలుసు. ఆ సగం జనగామలో, పదో తరగతిలో తెలిసింది. మాకు సోషల్ చెప్పే టీచరమ్మది కోస్తా. మేం "గట్లనా టీచర్" అంటే ఆమెకు నవ్వు ఆగేది కాదు, మాకు ఒళ్లు మండేది. పాఠం మొదలుపెట్టిందంటే మాత్రం ఆ కోపమంతా ఎటు పోయేదో తెలియదు. చాక్‌పీసు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆపి, కిటికీలోంచి బయటికి చూస్తూ, ఎవరికోసమో కాకుండా తనకోసమే చెప్పుకున్నట్టు చెప్పేది. రాజుగారి కొడుకు ముసలివాణ్ని చూశాడు, రోగిని చూశాడు, పాడె మీద శవాన్ని చూశాడు. నిద్రపోతున్న భార్యనూ పసిబిడ్డనూ గుమ్మంలో నిలబడి చూసి, ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. అక్కడికి గంట కొట్టారు. మిగతాది రేపు చెప్తానంది.

ఆ రేపు రాలేదు. అది అరవైతొమ్మిది. మర్నాడు బడికి తాళం. రోడ్డంతా ఊరేగింపులు, రైలుపట్టాల మీద పిల్లలు, గోడల మీద వేరే రాష్ట్రం కావాలనే నినాదాలు. నెలల తరబడి బళ్లు తెరవలేదు. టీచరమ్మ సామాను సర్దుకొని రైలెక్కిందని ఎవరో చెప్పారు. ఊరేగింపులో నేనూ గొంతు చించుకొని అరిచాను, ఇంటికొచ్చి టీచరమ్మ కోసం ఏడ్చాను. ఈ రెండూ ఒకేరోజు చేశాను. మా చదువు ఒక ఏడాది గంగలో కలిసింది. బుద్ధుడేమో ఇల్లు విడిచి, ఇంకా చెట్టు కిందికి చేరకుండా, నడిదారిలోనే ఉండిపోయాడు.

ఆయన మీద నాకు కోపంగానే ఉండేది. పసిబిడ్డను వదిలిపోయినవాడు గొప్పవాడెట్లా అవుతాడు?

నా గోల భరించలేక మా బాపు గ్రంథాలయం నుంచి అట్టలు ఊడిన లావు పుస్తకం ఒకటి తెచ్చాడు. "గిండ్ల ఉన్నడట మీ బుద్ధుడు. సదువుకో, నా పానం తియ్యకు" అన్నాడు. బడి లేని ఆ మధ్యాహ్నాలన్నీ వసారాలో గడంచె మీద బోర్లా పడుకొని ఆ పుస్తకమే చదివాను. తిండి మానేసి ఒళ్లు ఎండబెట్టుకుంటే ఏమీ తెలియలేదట ఆయనకు. ఒక ఆడమనిషి పెట్టిన పాయసం తిని, రావిచెట్టు కింద కూర్చున్నాకనే తెలిసిందట. తెలిసింది కూడా ఎంత చిన్న మాట! దుఃఖం ఉంది. దానికొక కారణం ఉంది, అది కావాలి కావాలి అనే దాహం. ఆ దాహం తీరితే దుఃఖమూ ఆగుతుంది. తీరడానికి ఒక దారి ఉంది. ఆ దారిలో మంత్రాలేమీ లేవు. సరిగ్గా చూడడం, సరిగ్గా మాట్లాడడం, ఒకరి ఉసురు పోసుకోకుండా బతకడం, మనసును మేలుకొని ఉంచుకోవడం. ఒళ్లు మరీ ఎండగట్టొద్దు, మరీ సుఖపెట్టొద్దు. పండితుల భాషలో కాకుండా జనం మాట్లాడే మాటలోనే చెప్పాడట. మంగలివాడు ముందు చేరితే, తర్వాత వచ్చిన రాజకుమారులు అతని కాళ్లకు మొక్కాల్సి వచ్చిందట. అది చదివి మా వీధిలో వాళ్లందరినీ ఒకసారి తలుచుకొని, జరిగే పనేనా అనుకున్నాను.

అన్నిటికన్నా నాకు నచ్చింది గోదావరి మాట. ఈ గోదావరి ఒడ్డున ఒక ముసలాయన ఉండేవాడట. ఉత్తరాన ఎవరో మేలుకున్నాడని విని, పదహారుమంది శిష్యులను ప్రశ్నలిచ్చి పంపాడట. వాళ్లు అన్ని రాజ్యాలూ దాటి నడుచుకుంటూ పోయారు. ఆ ఎండాకాలమంతా నా కండ్ల ముందు పదహారుమంది నడుస్తూనే ఉన్నారు. నేను నిద్రపోయినా వాళ్లు ఆగేవాళ్లు కాదు.

చివరికి ఆయన కూడా చచ్చిపోయాడు. ముసలితనంలో, జబ్బుచేసి, రెండు చెట్ల మధ్య పడుకొని. బూడిద కోసం రాజులు కొట్లాటకు దిగితే ఎనిమిది పాళ్లు చేశారట. ఒక్కొక్క పాలు మీద ఒక్కొక్క గుండ్రటి దిబ్బ. తర్వాతెప్పుడో ఒక చక్రవర్తి ఆ దిబ్బలు తెరిపించి, ఉన్నదాన్ని మళ్లీ వేల పాళ్లు చేసి దేశమంతా పంచాడట. ఆయన మాట ఆయన బూడిద వెంటే నడిచి, సముద్రాలు కూడా దాటిందట. అక్కడితో పుస్తకం అయిపోయింది. నాకు మిగతా సగం దొరికింది, కోపం మాత్రం పూర్తిగా పోలేదు.

కొన్నేండ్లకు నన్ను మొగుళ్లపల్లి అవతల ఒక ఊరికి కోడలిగా పంపారు. పటేళ్ల ఇల్లు. మా ఆయనకు కేసముద్రం మార్కెట్లో ఉద్యోగం, వారానికోసారి వచ్చేవాడు. ఇంట్లో మిగిలింది అత్తమ్మ, మామ, నేను. మామ గొంతు పెద్దది. ఆయన గాలి గురించి మాట్లాడినా తిట్టినట్టే ఉండేది. అత్తమ్మ రోజంతటికీ కలిపి నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ.

మా చేను పక్కనే పాటిగడ్డ ఉండేది. వెనకటి కాలంలో ఎవరో కాపురముండి పోయిన జాగ అది. ఎత్తుగా, బూడిదరంగు మట్టితో, పెంకులతో నిండి ఉంటుంది. ఆ మన్నుకు బలం ఎక్కువ. ఎండాకాలం రాగానే బండ్లు కట్టి పాటిమన్ను తవ్వి చేన్లలో చల్లుతారు. మామ తాత కాలం నుంచి తవ్వుతూనే ఉన్నారట, సగం గడ్డ అప్పటికే చేన్లయిపోయింది. అందులో దొరికిన మూరెడు పొడవు ఇటుకలు మా ఇంట్లో కుడితిగోలెం కిందా ఉన్నాయి, స్నానాల గది అరుగులోనూ ఉన్నాయి. ఎవరు కాల్చిన ఇటుకలని అడిగితే "రాకాసులయి" అని నవ్వేవారు.

నా మొదటి బిడ్డ ఆ పాటిగడ్డ మీదనే ఉంది. జనగామలో కాన్పయి, బిడ్డను ఎత్తుకొని వచ్చిన మొదటి వానాకాలం. జ్వరం. ఎడ్లబండి మీద దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే నా ఒళ్లో చల్లబడింది. ఆమెకు పేరు పెట్టుకున్నాం, అది ఇక్కడ రాయను. పసిపిల్లలను కాల్చరు, పూడుస్తారు. మగవాళ్లే తీసుకుపోయి పాటిగడ్డ ఉత్తరం దిక్కున పూడ్చి వచ్చారు. పసిపిల్లలకు కర్మలుండవు. పదోరోజు లేదు, పిండం లేదు, గోదావరిలో కలపడం లేదు. మర్నాడు పొద్దున పాలు పిండాలి, పొయ్యి అంటించాలి. నా చనుబాలతో తడిసిన రవికె పిండి ఆరేసుకుంటూ ఈ ఇంట్లో ఎవరూ చావలేదా అనుకున్నాను.

పలకరించడానికి వచ్చిన ఆడవాళ్లందరిదీ ఒకటే మాట. "అందరిండ్లల్ల ఉన్నదే బిడ్డా." ఆ పుస్తకంలోనూ ఇదే ఉంది. చచ్చిన బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లిని, చావు లేని ఇంటి నుంచి ఆవాలు తెమ్మన్నాడట బుద్ధుడు. ఆమె ఇల్లిల్లూ తిరిగి, లేవని తెలుసుకొని, నెమ్మదించిందట. చదివినప్పుడు బాగుంది అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండింది. పదిమంది ఇండ్లలో చావుంటే నా బిడ్డ చావు చిన్నదవుతుందా? నేనైతే ఆ ఆవాలు ఆయన మొహాన కొట్టేదాన్ని.

మధ్యాహ్నం అందరూ కునుకు తీసేవేళ పాటిగడ్డకు పోయేదాన్ని. ఉత్తరం దిక్కున ఒక మోదుగుచెట్టు. దానికి కాస్త దూరంలో, కుక్కలు తవ్వకుండా రాళ్లు పేర్చి ముండ్లకంప కప్పిన చోటు నా బిడ్డది. మా ఆయన చూపించాడు. అక్కడ కూర్చుంటే ఎండకు కండ్లు వాటంతటవే మూతపడేవి. నిద్రా కాదు, మెలకువా కాదు. అట్లాంటి ఒక పూట, వానకు కోసుకుపోయిన గట్టులో ఇటుకల వరుస గుండ్రంగా తిరిగి ఉండడం కనిపించింది. మనుషులుండే ఇంటి గోడ గుండ్రంగా ఎందుకు కడతారు? చాలాసేపు చూశాను. ఆ పుస్తకంలోని గుండ్రటి దిబ్బ గుర్తొచ్చింది.

ఆ తర్వాత నేను అక్కడ ఒంటరిగా లేను. వానాకాలం మూడు నెలలూ భిక్షువులు నడక ఆపేసేవారట, మొలకలూ పురుగులూ కాళ్ల కింద నలుగుతాయని. ఎక్కడో ఒకచోట వాన వెలిసేదాకా కూర్చునేవారు. ఇక్కడే కూర్చున్నారేమో. గోదావరి వైపు బండ్లు తోలుకుపోయే వర్తకులు వీళ్లకు ఇటుకలు కొనిచ్చి, దండం పెట్టి పోయారేమో. ఎండలో గాలి అలలు అలలుగా లేస్తుంటే పసుప్పచ్చ బట్టలు కదిలినట్టుండేది. ఒకతను మొలకను తప్పించి అడుగు పక్కకు వేసేవాడు. నా బిడ్డ చోటును కూడా అట్లాగే తప్పించి నడిచేవాడు. నాకు ఆ మనిషి మొహం ఎప్పుడూ కనపడలేదు, కానీ ఆ అడుగు చూస్తే ఏడుపొచ్చేది.

ఒకరోజు అత్తమ్మ వెతుక్కుంటూ వచ్చింది. తిడుతుందనుకున్నాను. పక్కన కూర్చుంది.

"నా పిల్లలు గూడ ఇద్దరున్నరు గీడ్నే" అంది.

నాకు ఆ సంగతే తెలియదు. "ఏడ అత్తమ్మా?" అన్నాను.

"ఏమో బిడ్డా. మొగోళ్లు తీస్కపోయిండ్రు. జాగ చూపియ్యలే, నేను అడుగలే. మీ మామకన్న యాదికుంటదా? ముప్పై ఏండ్లాయె. ఒక్కనాడు గా మాట తియ్యలే."

నాకు తెలిసిన బుద్ధుడి కథంతా చెప్పాను. అత్తమ్మ చెంగుతో గాలి విసురుకుంటూ విన్నది. దుఃఖానికి కారణం కావాలనుకోవడమే అన్న దగ్గర ఆపింది. "కావాల్ననుకోకుంటె కంటమా?" అంది. ఆయన చచ్చిపోయాడన్న దగ్గర మళ్లీ ఆపింది. "గంత పెద్దాయన గూడనా? అయ్యో" అని, నిన్నో మొన్నో జరిగినట్టు చెంపన చెయ్యి పెట్టుకుంది. ఆ పుస్తకం రాసినాయన కూడా ఆయన చావుకు అయ్యో అనలేదు.

ఎండాకాలం వచ్చింది. మామ బండ్లు కట్టించే మాట ఎత్తాడు. ధైర్యం తెచ్చుకొని "మామా, గా పాటిగడ్డ గీ ఏడు తవ్వకుండ్రి" అన్నాను. కోడలు మామ ముందు నిలబడి మాట్లాడడమే ఎక్కువ ఆ రోజుల్లో.

"పెంట ఏడికెళ్లి తేవాలె మరి? చేను ఎండుతున్నది కనవడ్తలేదా?" అని గట్టిగానే అన్నాడు. తర్వాత మొహం పక్కకు తిప్పుకొని, "ఉత్తరం దిక్కు ముట్టరు తీ" అన్నాడు. నమ్మబుద్ధి కాలేదు. ఈయనకు చేను తప్ప ఏమీ పట్టదని తీర్మానించుకున్నాను.

నాలుగు రోజులు తూర్పు దిక్కే తవ్వారు. తర్వాత మామ చుట్టాల పెండ్లికని టేకుమట్ల పోయాడు. బండ్ల మీద ఉన్నది కొత్తగా కుదిరిన జీతగాండ్లు. ఉత్తరాన మన్ను మంచిగ నల్లగా ఉందని, అటు తిప్పారు. పారల చప్పుడు దిశ మారింది. ఇంట్లో బియ్యం చెరుగుతున్న నాకు అది వినపడింది. చాట ఎట్లా పడేశానో, చెప్పులు లేకుండా ఆ ఎండలో ఎట్లా పరుగెత్తానో తెలియదు. మోదుగుచెట్టు దాకా ఇంకా రాలేదు, ఆ గుండ్రటి ఇటుకల గట్టు తవ్వుతున్నారు. నా ముండ్లకంప ఇంకా అక్కడే ఉంది. దాని ముందు నిలబడి "ఆగుండ్రి! నా బిడ్డ ఉన్నది గీడ!" అని అరిచాను. అందరూ పారలు కింద పెట్టారు. ఒక్కతని పార మాత్రం అప్పటికే దిగబడి, ఇటుకల మధ్య ఠంగుమంది.

మన్ను తీస్తే నున్నటి రాతి భరిణె. రెండు చేతుల్లో పట్టేంత ఉంది, మూత ఉంది. "లంకెబిందె" అని ఎవరన్నారో గాని, చూస్తుండగానే చుట్టూ చేన్లలోని జనమంతా పోగయ్యారు. మూత ఊడదీశారు. లోపల గుప్పెడు బూడిద, కొన్ని తెల్లటి పూసలు, గోరంత ఎముక ముక్క. విప్పినవాడు దాన్ని కింద పెట్టేసి దూరం జరిగాడు. ఎముక అంత చిన్నగా ఉండేసరికి అందరి నోటా ఒకటే మాట వచ్చింది. "పసిపిల్లది."

అత్తమ్మ ఆయాసపడుతూ వచ్చేసరికి జనం పలచబడ్డారు. నాకు తెలిసింది చెప్పాను. ఇది పసిపిల్లది కాదు, పెద్ద మనిషిది. ఏ భిక్షువుదో, గురువుదో. పంచిన పాళ్లలో ఒకటి ఇంత దూరం వచ్చిందేమో కూడా ఎవరికి తెలుసు. పూజించుకోవడానికే ఇట్లా దిబ్బ కట్టి దాచారు.

అత్తమ్మ భరిణె మీది మన్ను చెంగుతో తుడిచింది. "సన్యాసి అయితేంది? ఒక తల్లి కన్నదే గదా" అంది. మూత సరిచేసి పెడుతూ, "గిన్నేండ్లు నీళ్లల్ల కలుపకుంట మట్టిల్నే ఉంచిండ్రు. ఎవ్వలు లేకుండె పాపం" అంది.

మామ వచ్చి విని మండిపడ్డాడు. సర్కారుకు తెలిస్తే చేను పోతుందని ఆయన భయం. "తీస్కపోయి చెరువుల పారేయుండ్రి" అన్నాడు. నా కాపురంలో మొదటిసారి అత్తమ్మ ఆయనకు ఎదురు చెప్పింది. "పారేసుడేంది? కాళేశ్వరం తీస్కపోయి గోదావర్ల కలుపాలె." మామ గొణిగాడు, కేకలేశాడు, పొద్దున్నే అందరికన్నా ముందు తయారై గడప ముందు నిలబడ్డాడు.

ఈ సంగతి తర్వాత చదువుకున్నవాళ్ల దగ్గర చెప్తే తలలు పట్టుకున్నారు. అది అద్దాల పెట్టెలో ఉండాల్సింది, దేశాలు దాటి జనం వచ్చి మొక్కేవాళ్లు, చరిత్రను నీళ్లపాలు చేశావన్నారు. నిజమే అయ్యుంటుంది. నాకు మాత్రం ఈనాటికీ పశ్చాత్తాపం లేదు. అద్దాల పెట్టె ముందు ఎవరూ అయ్యో అనరు.

భూపాలపల్లిలో అప్పటికి బొగ్గు బావులు లేవు. బస్సు అడవిలోంచి పోతూ ఉంటే భరిణె నా ఒళ్లో, తెల్లటి గుడ్డలో ఉంది. ఆకులు రాలిన టేకు చెట్లు కిటికీలోంచి వెనక్కి పోతున్నాయి. ఒళ్లో ఆ బరువుకు నా చేతులు వాటంతటవే జోకొట్టినట్టు కదులుతుంటే, అత్తమ్మ చూసి కూడా చూడనట్టు కూర్చుంది. రోడ్డు పక్కన ఎదురుగా పదహారుమంది నడిచి వస్తున్నట్టు అనిపించింది. వాళ్లు పోయిన దారినే, తిరిగి గోదావరి దగ్గరికి, ఒకరిని తీసుకొని పోతున్నాను.

ఎండకు గోదావరి సన్నబడి ఉంది. ఇసుక దాటి నీళ్ల దగ్గరికి చేరాం. ఒడ్డున కూర్చున్న అయ్యగారు దర్భలు సర్దుకుంటూ అడిగాడు. "పోయినవారు మీకేమైతరు?"

మామ అత్తమ్మను చూశాడు. అత్తమ్మ నా చేతుల్లోని తెల్లగుడ్డను చూసింది.

"బిడ్డ" అన్నాను నేను.

అయ్యగారు తలెత్తి, ఆడవాళ్లు కలపకూడదని ఏదో అనబోయాడు. మామ తన మామూలు గొంతుతో "కలుపనియ్యుండ్రి అయ్యగారూ" అన్నాడు. మోకాళ్లలోతు నీళ్లలోకి దిగి గుడ్డ విప్పాను. నా బిడ్డ పేరు పైకే అన్నాను. బూడిద నీళ్ల మీద కాసేపు తేలి, విడిపోయి, పోయింది. భరిణెను కూడా వదిలేశాను. అప్పుడు గాని నా నోట్లోంచి ఏడుపు బయటికి రాలేదు. వానాకాలం నుంచి దాచుకున్నదంతా అక్కడే ఏడ్చాను. ఎవరూ వద్దనలేదు.

తిరిగి ఇసుకలో నడుస్తుంటే ఒళ్లు తేలికైంది. ఇక ఆ మన్నులో నా బిడ్డ లేదని అనిపించింది. నిజంగానే అనిపించింది. ఆయన చెప్పిన దాహం తీరడమంటే ఇదేనేమో అనుకున్నాను. "మామా, ఇగ ఉత్తరం దిక్కు గూడ తవ్వించుండ్రి. నాకేం లేదు" అన్నాను.

మామ ముందు నడుస్తున్నవాడు వెనక్కి తిరగకుండానే అన్నాడు. "తవ్వనియ్య. నేను బతికుండంగ తవ్వనియ్య. మోదుగుచెట్టుకు ఇవతల పెద్దోడున్నడు. చెట్టు అవతల, మొదలుకు ఆనుకొని, చిన్నది."

అత్తమ్మ ఆగిపోయింది. "యాదికున్నదా నీకు?"

"ఎట్ల మరుస్తనే" అన్నాడు. ఆ మాట ఒక్కటి తిట్టినట్టు లేదు.

అత్తమ్మ ఆ వేడి ఇసుకలోనే కూర్చుండిపోయింది. ఏ పక్క, ఎంత దూరం, తల ఎటు పెట్టిండ్రు అని ఒక్కొక్కటే అడిగింది. మామ ఆమె ముందు గొంతుకూర్చొని, ఇసుకలో వేలితో గీసి చూపించాడు. బస్సు పోతుందని తెలుసు. పోనీలే అని నేను కొంచెం దూరం జరిగి నిలబడ్డాను.